పెగ్ ట్యూబ్ పేషెంట్‌కి హోమ్ నర్సింగ్: నర్స్ విజిట్ ఓకే, అటెండెంట్ ప్యాకేజీ మాత్రం వద్దు

పక్షవాతం వచ్చాక మా మామయ్యగారికి మింగుడు పడక, ముక్కులోంచి ఆహారం పోసే రైల్స్ ట్యూబ్ ఎన్నాళ్లని ఉంచుతామని ఎండోస్కోపీ చేసి పొట్ట మీంచి నేరుగా లోపలికి ఆహారం పోసే పెగ్ ట్యూబ్ పెట్టారు. ఇంట్లో చూసుకోవడానికి ఇక్కడ బెంగళూరులో, మారతహళ్లి వైపు ఒక ఏజెన్సీని మాట్లాడుకున్నాం, పేరు రాయను.

పంపిన అటెండెంట్ అబ్బాయి మంచివాడే. ఒళ్లు తుడవడం, పక్క మార్చడం శ్రద్ధగా చేసేవాడు. కానీ ట్యూబ్ కదలకూడదని బయటి ప్లాస్టిక్ డిస్క్‌ని చర్మానికి అంటుకునేలా బిగించి, దాని కింద గాజ్ మందంగా కుక్కేవాడు. పక్కనుంచి ఫీడ్ (ట్యూబ్‌లో పోసే ద్రవాహారం) కారుతుంటే ఇంకాస్త బిగించేవాడు! అలా బిగిస్తూ పోతే లోపలి బంపర్ (ట్యూబ్ బయటికి జారకుండా లోపల ఆపే బిళ్ల) పొట్ట గోడలోకి కూరుకుపోతుందట, బరీడ్ బంపర్ అంటారు, మళ్లీ ఎండోస్కోపీ, ఒక్కోసారి ఆపరేషన్ దాకా పోతుంది. ఆఫీసుకి ఫోన్ చేస్తే "కొంచెం లీకేజ్ నార్మల్ మేడం" అని పెట్టేశారు.

డ్రెస్సింగ్‌కి విడిగా నర్స్ విజిట్ బుక్ చేస్తే వచ్చిన సిస్టర్‌ది మదనపల్లె. గాజ్ తీస్తే చర్మం మీద డిస్క్ గుండ్రంగా అచ్చు పడి ఉంది, చుట్టూ ఎరుపు, ఒక పక్క చీము. ట్యూబ్ మీది సెంటీమీటర్ అంకెని డిశ్చార్జ్ కాగితంలో ఉన్నదాంతో సరిచూసి, "ఇంత బిగించిందెవరమ్మా?" అంది. డిస్క్ వదులు చేసి, చర్మానికి అర సెంటీమీటరు పైనే ఎడం ఉంచి, ట్యూబ్ తిరుగుతోందా లేదా చూసింది. తిరిగింది, అంటే బంపర్ కూరుకుపోలేదన్నమాట, బతికిపోయాం. అదే రోజు ఆస్పత్రికి పంపింది, యాంటీబయాటిక్స్‌తో తగ్గింది.

ఫీడ్‌కి ముందూ తర్వాతా 30 మి.లీ. నీళ్లు పోయడం, తల వైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి, ఫీడ్ అయ్యాక కూడా కాసేపు అలాగే ఉంచడం, కోటింగ్ ఉన్న మాత్రలు నూరకుండా డాక్టర్‌ని అడిగి సిరప్‌కి మార్చుకోవడం, అన్నీ ఆ సిస్టరే నేర్పింది.

అన్నిటికంటే నాకు ఒళ్లు మండింది ఏజెన్సీ వాళ్లు వాట్సాప్‌లో పంపిన సూచనల కాగితం చూసి. "ట్యూబ్ ఊడితే వెంటనే లోపలికి తోయండి" అని రాశారు! కొత్తగా పెట్టిన మొదటి వారాల్లో దారి గట్టిపడదు, అలా తోస్తే ట్యూబ్ పొట్ట సంచిలోకి కాకుండా, దాని బయట కడుపులోని ఖాళీలోకి పోయి, ఫీడ్ పోస్తే ప్రాణం మీదికొస్తుంది. పాతదైతే రంధ్రం కొన్ని గంటల్లోనే మూసుకుపోతుంది, అందుకే ఊడిన ట్యూబ్ చేత్తో పట్టుకుని నేరుగా ఆస్పత్రికి పరుగెత్తాలి.

అటెండెంట్‌ని మానిపించేశాం. సిస్టర్ మాత్రం ఇప్పటికీ వస్తోంది. మిగిలిన అడ్వాన్స్ మాత్రం ఏజెన్సీ వాళ్లు ఈ వారం వేస్తాం, ఈ వారం వేస్తాం అంటూనే ఉన్నారు.