మూడేళ్ల తర్వాత నా బౌలింగ్ బాల్ గురించి, ముఖ్యంగా దాని బొటనవేలి కన్నం గురించి

ఈ బాల్ కొన్న కొత్తలో కనిపించిన ప్రతివాడికీ "సొంతది కొనుక్కో, ఆటే మారిపోతుంది" అని చెప్పి విసిగించాను. ఇప్పటికీ కొనుక్కోమనే అంటాను, కాకపోతే గొంతు కాస్త తగ్గించి.

14 పౌండ్లు, రియాక్టివ్ రెసిన్ (లేన్‌ని పట్టుకుని ఒంపు తిరిగే రకం పైపొర). కంపెనీ, కోర్ (లోపలి బరువు దిమ్మ) ఆకారం లాంటివి డబ్బా మీదే ఉంటాయి, వదిలేద్దాం. నేను చెప్పాల్సింది థంబ్ హోల్ గురించే.

డాలస్‌లో మా ఆఫీసువాళ్ల మంగళవారం లీగ్‌లో చేరినప్పుడు ర్యాక్ మీద అందరికోసం పెట్టిన బాల్సే వేసేవాణ్ణి. 10 పౌండ్లదాంట్లో నా బొటనవేలు దూరేది కాదు. దూరే 15 పౌండ్లదాంట్లో గిలక్కాయలా ఆడేది. ఎక్కడ జారిపోతుందోనని గట్టిగా నొక్కి పట్టుకునేవాణ్ణి. రెండో గేమ్‌కల్లా ముంజేయి బిగుసుకుపోయేది. గేమ్‌కి సగటు స్కోరు 108.

ప్రో షాప్‌లో, అంటే బౌలింగ్ సామాను అమ్మి బాల్స్‌కి కన్నాలు వేసే కొట్లో, వేళ్లు కొలిపించి కన్నాలు వేయించుకున్నాను. మధ్యవేలు, ఉంగరపు వేలు మొదటి కణుపు దాకానే వెళ్తాయి, బొటనవేలు మాత్రం మొదలంటా. మొదటి నెల స్కోరు ఇంకా పడిపోయింది, డబ్బులు తగలేశాననుకున్నాను. తర్వాత ఒకరోజు అసలు నొక్కాల్సిన పనే లేదని చేతికే తెలిసొచ్చింది. చెయ్యి ఊగి కిందికొచ్చేసరికి బొటనవేలు దానంతటదే బయటికొస్తుంది, వెనకే మిగతా రెండు వేళ్లూ బాల్‌ని తిప్పి వదులుతాయి. లేన్ (బాల్ దొర్లే దారి) మీద పూసిన నూనె ఉన్నంత మేరా, అంటే మా దగ్గర సుమారు 40 అడుగులు, అది బుద్ధిగా జారుకుంటూ పోయింది. పొడి భాగం తగలగానే ఒంపు తిరిగి ఒకటో పిన్నుకీ మూడో పిన్నుకీ మధ్యలో దూరింది. ఇది నేను వేసిందేనా అని వెనక్కి తిరిగి చూశాను.

ఆ మురిపెం మే నెల దాకా సాగింది.

ఆ రోజు బయట ఎండ మండిపోతోంది. మూడో గేమ్, తొమ్మిదో ఫ్రేమ్, అంటే తొమ్మిదో వంతు. మొదటి గేమ్ నుంచే వేలు కొంచెం బిగుతుగా అనిపించినా పట్టించుకోలేదు. చెయ్యి ముందుకొచ్చింది, బాల్ మాత్రం వేలిని వదల్లేదు. దాంతోపాటు నేనూ ఫౌల్ లైన్ (దాటకూడని గీత) దాటేశాను. అవతల నూనె! కాళ్లు ఒకవైపు, నేనొకవైపు. బాల్ భుజం ఎత్తుకి లేచి, అప్పుడు ఊడి, దబ్బున పక్క లేన్ అంచునున్న గట్టర్‌లో (కాలవలో) పడింది. హాలంతా ఒక్క క్షణం నిశ్శబ్దం. మా టీమ్ కుర్రాడు పిజ్జా ముక్క నోట్లోనే పెట్టుకుని, "అన్నా, బాల్‌ని పంపాలి, నువ్వు వెళ్లకూడదు" అన్నాడు. బొటనవేలి వెనక తోలు లేచిపోయింది. రెండు వారాలు అన్నం కలుపుకోవడమే కష్టమైంది.

షాపాయన్ని తిట్టుకుంటూ వెళ్లాను. తప్పు సగం నాదే. నేను కొలతలిచ్చింది డిసెంబర్‌లో, చలిలోంచి నేరుగా లోపలికొచ్చి. చలికి వేలు సన్నబడుతుంది. వేడికీ, వరసగా ఆడినా ఉబ్బుతుంది. ఒకటి రెండు గేమ్‌లు ఆడాక కొలిపించుకోవాలట. ఆ ముక్క ముందే చెప్పి ఉంటే సొమ్మేం పోయింది అన్న కోపం ఇంకా పోలేదు. కన్నాన్ని కాస్త పెద్దది చేసి, లోపల టేపు ముక్కలు అంటించి ఇచ్చాడు. వేలు వదులైతే ఒక ముక్క అంటించడం, బిగిస్తే ఒకటి పీకేయడం. జనవరిలో నాకు మూడు ముక్కలు కావాలి, ఆగస్టులో ఒకటి చాలు. ఇప్పుడు నా బ్యాగులో టేపు రోలూ, పీకడానికి మా ఆవిడ కనుబొమల ప్లక్కరూ ఉంటాయి. ప్లక్కర్ సంగతి ఆవిడకి తెలీదు.

ఇప్పుడు సగటు 141. పుణ్యమంతా బాల్‌దే అని కొన్నాళ్లు చెప్పుకున్నాను గానీ, పాత స్కోర్లు తిరగేస్తే అందులో సగం స్పేర్లదే, అంటే మొదటి బాల్‌కి మిగిలిన పిన్నుల్ని రెండో బాల్‌తో పడగొట్టడానిదే. 60 అడుగుల దూరంలోని పిన్నుల్ని చూడ్డం మానేసి, లేన్ మీద దగ్గర్లో గీసిన బాణం గుర్తుల్లో రెండోదాన్ని చూసి వేయడం నేర్చుకున్నాక అవి పడటం మొదలైంది. పైగా మూలనున్న పదో పిన్నుకి ఈ బాల్ పనికే రాదు, దగ్గరికెళ్లి ఒంపు తిరిగి తప్పించుకుంటుంది. దానికోసం తిన్నగా పోయే ప్లాస్టిక్ బాల్ ఇంకోటి కొన్నాను. అంటే ఒకటి కొంటే సరిపోతుందన్న మాట కూడా వెనక్కి తీసుకుంటున్నాను.

నాకు నలభై రెండేళ్లు, మణికట్టు నొప్పి ఉంది, వారం వారం ఆడతాను. నాకు గిట్టుబాటైంది. ఏడాదికి రెండు పుట్టినరోజు పార్టీల్లో ఆడేవాళ్లకి ఎందుకో నాకు తెలీదు.

మా ఆవిడ ఇప్పటికీ ర్యాక్ మీది బాలే వేస్తుంది. పోయిన నెల 160 కొట్టింది. థంబ్ హోల్ ఎలా ఉందని అడిగితే, "ఏముంది, కన్నంలా ఉంది" అంది.