చండీగఢ్ వెళ్తే సెక్టార్ 22లో దిగండి

మొదటి రాత్రి ఊరి బయట హోటల్ తీసుకున్నాం. గది శుభ్రంగానే ఉంది, అద్దె కూడా తక్కువే. కానీ వాళ్లు పది నిమిషాలన్న దూరం ట్రాఫిక్‌లో ముప్పావుగంట పట్టింది. మర్నాడే సెక్టార్ 22లో ఓ చిన్న లాడ్జికి మారాం. లిఫ్ట్ లేదు, వేడినీళ్లు పొద్దున రెండు గంటలే. అయినా అక్కడే దిగమంటాను.

ఎందుకో నడిస్తే తెలుస్తుంది. ఫ్రాన్స్‌లో పనిచేసిన ప్రసిద్ధ ఆర్కిటెక్ట్ లె కార్బూజియే 1951లో ఈ ఊరి ప్లాన్ చేపట్టి, సుమారు 800 మీటర్లకు 1200 మీటర్ల సెక్టార్లుగా విడగొట్టాడు. బండ్లు వేగంగా పోయే రోడ్లన్నీ సెక్టార్ చుట్టూ పోతాయి. ఇళ్ల గుమ్మాలు వాటివైపు ఉండవు. ఆ రోడ్ల వెంట చెట్లూ గోడలే. టీ కొట్టు కోసం అమ్మ కిలోమీటరు నడిచింది, పాపం. అదే సెక్టార్ లోపలికి తిరిగితే బజారు, బడి, పార్కు అన్నీ దగ్గరే. 22లో రాత్రి తొమ్మిదికి కూడా ఆడవాళ్లు, పిల్లలు నింపాదిగా తిరుగుతున్నారు.

మాది గుంటూరు. అమరావతి గుర్తు రాకుండా ఎలా ఉంటుంది? మనం రోడ్ల వెడల్పు గురించే ఎక్కువ మాట్లాడుకుంటాం. సాయంత్రం కూరగాయలకు నడిచి వెళ్లే బజారు ఎక్కడ, దారిలో నీడ ఉంటుందా అని కూడా అడగాలి.

అసెంబ్లీ, హైకోర్టు, సచివాలయం ఉన్న ప్రాంగణం కాపిటల్ కాంప్లెక్స్ 2016లో యునెస్కో జాబితాకెక్కింది. సొంతంగా తిరగనివ్వరు. గుర్తింపు కార్డు చూపించి పేరు రాయించుకుంటే గైడే తీసుకెళ్తారు. మా గైడ్ ఓపిగ్గా చెప్పారు. హైకోర్టు దగ్గర చాలాసేపు నిలబడిపోయాను. అసలు కప్పు మీద గొడుగులా ఇంకో కప్పు, రెంటి మధ్య గాలి ఆడుతుంది. మన ఎండలకూ పనికొచ్చే ఆలోచన. అసెంబ్లీకి, హైకోర్టుకు మధ్య మైదానంలో మాత్రం నీడే లేదు. టోపీ, నీళ్లు మర్చిపోకండి.

పారేసిన సామాన్లతో చేసిన బొమ్మల తోట రాక్ గార్డెన్ బాగుంది, సెలవు రోజుల్లో రద్దీ. సెక్టార్ 19లో పాత ఆర్కిటెక్టుల ఆఫీసును మ్యూజియం చేశారు, గంట చాలు.

నాకు బాగా నచ్చింది సెక్టార్ 5లో పియర్ జానరే ఉన్న ఇల్లు. కార్బూజియేకి దాయాది సోదరుడు. కార్బూజియే వచ్చి వెళ్తుండేవాడు, ఈయన 1965 దాకా ఇక్కడే ఉండి ఊరు కట్టించాడు. కోరిక ప్రకారం ఆయన అస్థికల్ని సుఖ్నా చెరువులో కలిపారు. చివరి సాయంత్రం ఆ గట్టు మీదే కూర్చున్నాం.