చిన్న అవుట్‌బోర్డ్ మోటారుతో పడవ బ్యాటరీ చార్జింగ్: ఏళ్ల వాడకం తర్వాత నా అభిప్రాయం

ముందే చెప్పేస్తాను, పడవ వెనక బయట తగిలించే 6 హార్స్‌పవర్ అవుట్‌బోర్డ్ మోటారు ఒక్కదాన్నే నమ్ముకుని తెరచాప పడవలో కరెంటు అవసరాలన్నీ తీర్చుకుందామంటే కుదరదు. అలాగని మోటారు నుంచి బ్యాటరీకి వెళ్లే ఆ చార్జింగ్ వైరు దండగ అనే వాళ్లతోనూ నేను ఒప్పుకోను. ఒకే పడవ మీద ఒకే మోటారు ఏళ్ల తరబడి వాడుతున్నాను. ఈలోపు బ్యాటరీ మారింది, వైర్లు మారాయి, మోటారు మాత్రం అదే.

ఇంజన్‌తో పాటు తిరిగే బరువైన చక్రానికి, అంటే ఫ్లైవీల్‌కి ఉన్న అయస్కాంతాలు కాయిల్ చుట్టూ తిరిగితే ఏసీ పుడుతుంది, దాన్ని రెక్టిఫైయర్ డీసీగా మార్చి బ్యాటరీకి పంపుతుంది, ఉన్న యంత్రాంగం అంతే. నా మోటారుకి కాగితం మీద 12 వోల్టులు, 60 వాట్లు, అంటే 5 ఆంప్స్ అని ఉంది. అయితే అది మోటారు దాదాపు పూర్తి వేగంతో తిరిగేటప్పటి లెక్క. తెరచాప పడవ వాళ్లం మోటారుని అలా ఎంతసేపు తిప్పుతాం? డీసీ కొలిచే క్లాంప్ మీటరు పాజిటివ్ వైరుకి తగిలించి చూస్తే, ఐడిల్‌లో ఉన్నప్పుడు ఒక ఆంప్ కూడా రావడం లేదు. థ్రాటిల్ సగానికి తిప్పితే అంకె మెల్లగా పెరిగి 3 దగ్గర నిలబడుతుంది, ఇంకా పెంచితే 4 దాటుతుంది, కానీ ఆ వేగంలో చప్పుడు భరించలేం. అందుకే కొత్తవాళ్లు ఎవరు అడిగినా, వోల్ట్ మీటరు చూసి సంబరపడొద్దు, ఆంప్స్ కొలవండి అంటాను. మోటారు స్టార్ట్ కాగానే వోల్టేజి 13 దాటినంత మాత్రాన బ్యాటరీ నిండుతున్నట్టు కాదు.

ఈ అంకెలు పట్టుకుని రోజు లెక్క వేసుకోండి. రేవులోంచి బయటికి రావడానికి 20 నిమిషాలు, తిరిగి లోపలికి వెళ్లడానికి 20 నిమిషాలు మోటారు నడిపితే, 3 ఆంప్స్ చొప్పున వచ్చేది మొత్తం 2 ఆంప్-అవర్లు (ఆంప్స్‌ని గంటలతో గుణిస్తే వచ్చే లెక్క). 2 వాట్ల ఎల్ఈడీ లంగరు దీపం రాత్రంతా, అంటే 10 గంటలు వెలిగితే 1.7 ఆంప్-అవర్లు పోతుంది. ఆ ఒక్క దీపం వరకూ లెక్క సరిపోయింది. పాతకాలం 10 వాట్ల బల్బు ఉంటే మాత్రం ఎనిమిదికి పైగా కావాలి, కాబట్టి దీపం మార్చడం కూడా చార్జింగ్ కిందే లెక్క. దీనికి తోడు రేడియో, జీపీఎస్ రోజంతా ఆన్‌లో ఉంటే లోటు మొదలవుతుంది. ఫ్రిజ్ ఊసే వద్దు.

చాలామంది పట్టించుకోని సంగతి ఇంకొకటి ఉంది. లెడ్ యాసిడ్ బ్యాటరీ సగం ఖాళీగా ఉన్నప్పుడు ఇచ్చిన కరెంటంతా గటగటా తాగేస్తుంది కానీ, 80 శాతం దాటాక కొంచెం కొంచెంగానే తీసుకుంటుంది. ఆ చివరి భాగం నిండాలంటే 14.4 వోల్టుల దగ్గర గంటల తరబడి పెట్టాలి. రోజూ అరగంట, ముప్పావు గంట తిరిగే మోటారు వల్ల అది జరగనే జరగదు. ఎప్పుడూ పూర్తిగా నిండకపోతే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది. నా మొదటి బ్యాటరీ పోయింది ఇలాగే. పడవ వదిలి వెళ్లేటప్పుడు 12.7 వోల్టులు ఉండాల్సింది ఎప్పుడు చూసినా 12.4 దగ్గరే ఉండేది. తర్వాత 50 వాట్ల సోలార్ ప్యానెల్, దానికో కంట్రోలర్ పెట్టాను. ఇప్పుడు మోటారు మొదలుపెట్టిన పనిని ప్యానెల్ పూర్తి చేస్తోంది, ఈ రెండో బ్యాటరీ ఇంకా గట్టిగానే ఉంది.

వైరు విషయంలో పీనాసితనం అస్సలు వద్దు. పడవ వెనక ఉన్న మోటారు నుంచి బ్యాటరీ 6 మీటర్ల దూరంలో ఉంటే, రానూపోనూ కలిపి 12 మీటర్ల రాగి. 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే 5 ఆంప్స్ దగ్గర దాదాపు 0.7 వోల్టు దారిలోనే పోతుంది, అదే 6 చదరపు మిల్లీమీటర్లది వేస్తే 0.2 కంటే తక్కువ. ఇంత చిన్న చార్జర్‌కి ఆ అర వోల్టు తేడాయే ప్రాణం. బ్యాటరీ పక్కనే ఫ్యూజు ఉండి తీరాలి. మోటారు పక్కకి తిరిగినా పైకెత్తినా లాగకుండా వైరు కొంచెం వదులుగా ఉండాలి. ఇక ఆ రెండు పిన్నుల ప్లగ్గు! ఉప్పు గాలికి ఇత్తడి పిన్నుల మీద పచ్చగా చిలుము పడుతుంది, పైకి చూస్తే బాగానే ఉంటుంది, ఊడదీస్తే తప్ప కనిపించదు. అప్పుడప్పుడు తీసి, రుద్ది, పల్చగా గ్రీజు రాస్తే చాలు.

మీ మోటారుకి వోల్టేజి హద్దు దాటకుండా చూసే రెగ్యులేటర్ ఉందో, ఉత్త రెక్టిఫైయరేనో కనుక్కోండి. రెగ్యులేటర్ లేకపోతే, బ్యాటరీ నిండిపోయాక కూడా ఎక్కువసేపు నడిపితే వోల్టేజి 15 దాటిపోవచ్చు, జెల్, ఏజీఎం లాంటి సీలు వేసిన లెడ్ యాసిడ్ బ్యాటరీలకి అది మంచిది కాదు. మోటారు నడుస్తుండగా బ్యాటరీ స్విచ్ ఆపొద్దు, కరెంటుకి వెళ్లే దారి లేక వోల్టేజి ఎగిరి రెక్టిఫైయర్ కాలిపోవచ్చు. లిథియం బ్యాటరీని నేరుగా తగిలించకూడదని నేను పట్టుబట్టేది కూడా అందుకే. దాని లోపల బ్యాటరీని కాపాడే బీఎంఎస్ అనే సర్క్యూట్ తనంతట తాను కనెక్షన్ తెంపేస్తే జరిగేది అదే.

లంగరు వేసుకుని కేవలం చార్జింగ్ కోసం మోటారు నడపడం మాత్రం నాకు నచ్చదు. గంటసేపు పెట్రోలు తగలేసి, చుట్టుపక్కల పడవల వాళ్ల చెవులు చిల్లులు పడేలా చేసి, సాధించేది రెండు మూడు ఆంప్-అవర్లు. నాలుగు రోజులు మబ్బు పట్టి ప్యానెల్ చేతులెత్తేసినప్పుడు, రేడియో పని చేసి తీరాలన్నప్పుడు అదే ఆధారం, కాదనను. ఆ ధైర్యం కోసమే ఈ వైరు ఉంచుకున్నాను.

కొత్త మోటారు కొనేవాళ్లు చార్జింగ్ కాయిల్, రెగ్యులేటర్ ఫ్యాక్టరీలోనే బిగించి వచ్చే మోడల్ తీసుకోండి. తర్వాత వేయించాలంటే ఫ్లైవీల్ ఊడదీయాలి, దానికి పుల్లర్ అనే లాగే పనిముట్టు కావాలి, నట్టు సరైన టార్క్‌తో, అంటే చెప్పినంత బలంతో మళ్లీ బిగించాలి, అంత తతంగం అందరివల్లా అయ్యే పని కాదు.