సెకండ్ హ్యాండ్ ఆసిలోస్కోప్ కొంటున్నారా? స్క్రీన్ పక్క బటన్లు చూడకుండా డబ్బు వేయకండి

పాత ల్యాబ్ సామాన్లు అమ్మే సెల్లర్ ఒకడున్నాడు, మీలో చాలామందికి తెలుసు. అతని దగ్గర 18,000 పెట్టి రెండు ఛానెళ్ల డిజిటల్ స్కోప్ (వోల్టేజీ ఎలా మారుతోందో స్క్రీన్ మీద గీతగా చూపే ఆసిలోస్కోప్) తెప్పించుకున్నాను. ముందు వీడియో పంపాడు. ప్రోబ్ (సిగ్నల్‌ని స్కోప్‌కి అందించే వైరు) తగిలించి, సెట్టింగులు దానంతటదే సర్దే ఆటోసెట్ నొక్కాడు, 1 కిలోహెర్ట్జ్ స్క్వేర్ వేవ్ చక్కగా వచ్చింది. ఆటోసెట్‌కి విడిగా బటన్ ఉంటుంది. స్క్రీన్ పక్కన నిలువుగా ఉండే ఐదు బటన్లలో ఒక్కదాని మీదా వేలు పెట్టలేదు.

వాటిలో నాలుగోది పనిచేయదు. ఒక్క బటనే కదా అనుకోవద్దు. దాని పక్కన స్క్రీన్ మీద వచ్చే పేరు మెనూని బట్టి మారుతుంది. నా మెషీన్‌లో ఛానెల్ మెనూలో అది ప్రోబ్, ట్రిగ్గర్ (వేవ్ స్క్రీన్ మీద కదలకుండా నిలిపేది) మెనూలో మోడ్. అది పోతే ప్రతి మెనూలోనూ ఒక పని పోయినట్టే. నాది వోల్టేజీని పదో వంతుకి తగ్గించి పంపే 10ఎక్స్ ప్రోబ్, ఆ సంగతి మెషీన్‌కి చెప్పే సెట్టింగ్ 1ఎక్స్ దగ్గరే ఆగిపోయింది. 12 వోల్టుల అడాప్టర్ పెడితే 1.2 చూపిస్తోంది. ట్రిగ్గర్‌ని ఆటో నుంచి నార్మల్‌కి (ట్రిగ్గర్ అందినప్పుడే గీత గీసే మోడ్‌కి) మార్చే దారి లేదు.

ఫోన్ చేస్తే ఏమన్నాడో చూడండి. "ఆ బటన్ పేరు మారుతూ ఉంటుంది సార్, అన్ని మెనూల్లో దానికి పనుండదు. ముందు స్కోప్ వాడటం నేర్చుకోండి." బోర్డులు రిపేర్ చేసుకుని బతికేవాడితో అనే మాటా ఇది! స్క్రీన్ మీద ప్రోబ్ అని కనబడుతుండగా నేను నొక్కుతున్న వీడియో పంపాను. చూశాడు, వెంటనే నన్ను బ్లాక్ చేశాడు.

ఒళ్లు మండి వెనక మూత విప్పాను. స్క్రూల తలలు అప్పటికే అరిగి ఉన్నాయి. రబ్బర్ ప్యాడ్ తీస్తే నాలుగో బటన్ కింద, నొక్కినప్పుడు బోర్డు మీది కాంటాక్ట్‌ని కలిపే నల్లటి కార్బన్ చుక్క లేదు. దాని చోట గమ్‌తో అతికించిన అల్యూమినియం ఫాయిల్ ముక్క, సగం ఊడిపోయి ఉంది. వీడియోలో ఆ బటన్ల జోలికి ఎందుకు వెళ్లలేదో అప్పుడు అర్థమైంది. నా కడుపుమంట అంతా అక్కడే. లోపం ఉందని చెప్పి రేటు తగ్గించి ఉంటే సంతోషంగా కొనేవాణ్ణి.

ఎవరి దగ్గర కొన్నా ఆటోసెట్ చూసి ఊరుకోకండి. ఛానెల్ మెనూ తెరిచి, పక్క బటన్లు పైనుంచి కిందికి ఒక్కొక్కటే నొక్కి, స్క్రీన్ మీద సెట్టింగ్ మారడం ఒకే వీడియోలో చూపించమనండి. ఒప్పుకోకపోతే వదిలేయండి. మురికి పట్టిన బటనైతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే చాలాసార్లు బాగవుతుంది. కార్బన్ ఊడిందంటే ప్యాడ్ మార్చాల్సి రావచ్చు, పాత మోడళ్లకి అది దొరకడం కష్టం.