నాలుగు కార్లు ఒకే దారిన వెళ్లాలంటే ఏ మ్యాప్ యాప్ ఎంచుకోవాలి?

ఒక్క కారులో ప్రయాణించేవారికి దారి చూపించే యాప్ ఏదైనా ఇంచుమించు సరిపోతుంది. మలుపు తప్పితే తప్పేది ఆ ఒక్క కారే. యాప్ వెంటనే మరో దారి వెతికి పెడుతుంది, లోపలున్నవారికి పది నిమిషాలు ఆలస్యమవుతుంది, అంతే. నాలుగు కుటుంబాలు నాలుగు కార్లలో ఒకేసారి బయలుదేరినప్పుడు లెక్క వేరు. అప్పుడు నాలుగు ఫోన్లలోనూ ఒకే దారి కనిపించడం అన్నింటికంటే ముఖ్యం, ఆ దారి పది నిమిషాలు ఎక్కువైనా సరే. ఈ సంగతి ముందే తెలిసి ఉంటే మా ప్రయాణంలో మూడో రోజు మధ్యాహ్నం అంత ఆందోళన పడేవాళ్లం కాము.

మేము 17 మందిమి. హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లి, అక్కడి నుంచి దోర్నాల, ఆత్మకూరు మీదుగా నంద్యాల చేరి, మహానంది, అహోబిలం, గండికోట, బెలుం గుహలు చూసుకుని, కర్నూలు దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కి తిరిగి రావాలని నాలుగు రోజుల ప్రణాళిక వేసుకున్నాం. ఈ దారిలో ఔటర్ రింగ్ రోడ్డు ఉంది, నల్లమల ఘాట్ రోడ్డు ఉంది, సిగ్నల్ అందని అడవి ఉంది, రాయలసీమ పల్లెల గుండా పోయే సన్నని రోడ్లు ఉన్నాయి. యాప్‌లను పరీక్షించడానికి ఇంతకంటే మంచి దారి మన వైపు దొరకడం కష్టం.

ముందు ఆ మూడో రోజు సంగతి చెప్పాలి. అహోబిలం నుంచి ఆళ్లగడ్డ వచ్చాక జమ్మలమడుగు చేరడానికి ఒకటి కంటే ఎక్కువ దారులున్నాయి. హైవే మీద చాగలమర్రి దాకా సాగి ప్రొద్దుటూరు మీదుగా వెళ్లవచ్చు. కోయిలకుంట్ల వైపు తిరిగి లోపలి రోడ్లలోనూ వెళ్లవచ్చు. మూడు కార్లు ప్రొద్దుటూరు దారి పట్టాయి, చివర వస్తున్న మా బాబాయి కారు కోయిలకుంట్ల వైపు తిరిగింది. ప్రొద్దుటూరు శివార్లలో టీ కొట్టు ముందు ఆగి ముప్పావు గంట ఎదురు చూశాం. ఫోన్ చేస్తే కలవదు. చివరికి ఆయనే చేశారు. "బాబాయ్, ఎక్కడున్నారు?" అంటే, "జమ్మలమడుగు బస్టాండు దగ్గరే ఉన్నానమ్మా, మీరే వెనకబడ్డట్టున్నారు" అన్నారు. కారులో పిన్నితో పాటు ఇద్దరు చిన్నపిల్లలున్నారు కాబట్టి ఆ మాట వినేదాకా మా ప్రాణం కుదుటపడలేదు.

ఆ సాయంత్రం గండికోటలో నాలుగు ఫోన్లూ పక్కపక్కన పెట్టి చూశాను. నాలుగింటిలోనూ ఒకే యాప్ గూగుల్ మ్యాప్స్, ఒకే గమ్యం. తేడా ఒక్కటే: బాబాయి ఫోన్‌లో టోల్ రోడ్లు వద్దనే సెట్టింగ్ ఎప్పుడో ఎవరో ఆన్ చేసి వదిలేశారు. అందరమూ ఒకే యాప్ పెట్టుకున్నాం కాబట్టి ఒకే దారి వస్తుందని అనుకోవడమే మేము చేసిన పొరపాటు.

ఈ దృష్టితో చూసినప్పుడు గూగుల్ మ్యాప్స్ బలమూ, బలహీనతా రెండూ స్పష్టంగా తెలుస్తాయి. బలం ఏమిటంటే అది అందరి ఫోన్లలో ముందే ఉంటుంది, అందరికీ అలవాటైనది, 2018 నుంచి తెలుగులో మలుపులు చెబుతోంది. ఇంగ్లీషు బోర్డులు చదివి, ఇంగ్లీషు మాటలు విని అలసిపోయే పెద్దవారికి స్టీరింగు ముందు తెలుగు గొంతు వినిపించడం ఎంత నిమ్మళమో బాబాయిని చూశాకే నాకు అర్థమైంది. 2022 నుంచి కొన్ని దారులకు టోల్ అంచనా కూడా చూపిస్తున్నారు కాబట్టి ఖర్చు నాలుగు వాటాలు వేసుకోవడం తేలికైంది. బలహీనత లింకులో ఉంది. మీరు ఒక రూటు తయారు చేసి లింకు పంపితే బయలుదేరే చోటు, మధ్య మజిలీలు, గమ్యం మాత్రం అవతలివారికి చేరతాయి. వాటి నడుమ దారిని ప్రతి ఫోనూ తన సెట్టింగులను బట్టి, ఆ నిమిషపు ట్రాఫిక్‌ను బట్టి మళ్లీ లెక్క వేసుకుంటుంది. ప్రయాణం మధ్యలో వేగమైన దారి దొరికితే, మనం వద్దని నొక్కకపోతే, అటే మళ్లిస్తుంది కూడా. ఒంటరి ప్రయాణికుడికి ఇది మేలు. గుంపులో ఒక కారు టీకి ఆగి పావుగంట వెనకబడితే, ఆ పావుగంటలో మారిన ట్రాఫిక్ ఆ కారును వేరే ఊరి మీదుగా తీసుకుపోవచ్చు.

దీనికి విరుగుడు దారిని మజిలీలతో బిగించడం. ఫోన్‌లో ఒక ప్రయాణానికి తొమ్మిది మజిలీల దాకా చేర్చుకోవచ్చు. ఆగే చోట్లనే మజిలీలుగా పెట్టాలని లేదు. దారులు చీలే ప్రతి చోటా, మనం వెళ్లదలచుకున్న దారిలో ఆ చీలిక దాటాక వచ్చే మొదటి ఊరిని మజిలీగా పెడితే యాప్‌కు వేరే దారి ఎంచుకునే వీలు దాదాపుగా ఉండదు. చాగలమర్రి, ప్రొద్దుటూరు అనే రెండు పేర్లు లింకులో ఉండి ఉంటే బాబాయి కారు కోయిలకుంట్ల వైపు పోయేది కాదు. నాలుగు రోజులకు నాలుగు లింకులు చేయండి, మొత్తం ప్రయాణాన్ని ఒకే లింకులో కుక్కవద్దు. మరొక జాగ్రత్త: రోడ్డు మధ్య డివైడర్ ఉన్న చోట పిన్‌ను మనం వెళ్లే వైపే గుచ్చాలి. వేలు కాస్త పక్కకు జరిగి పిన్ అవతలి వైపు పడితే, యాప్ మనల్ని అనవసరంగా యూటర్న్ తీయించి, వచ్చిన దారినే కొంత దూరం వెనక్కు నడిపిస్తుంది. పిన్ గుచ్చాక మ్యాప్‌ను వీలైనంత పెద్దది చేసి, శాటిలైట్ చిత్రంలో చూసి సరిచేసుకోవడం మంచిది.

ఊళ్ల పేర్లు టైపు చేసి వదిలేయడం కూడా గుంపుకు ప్రమాదమే. అహోబిలం అంటే దిగువ అహోబిలమా, ఎగువ అహోబిలమా? రెండింటి మధ్య దాదాపు 8 కిలోమీటర్ల దూరం ఉంది. గండికోట అని వెతికితే కోటతో పాటు పెన్నా మీద కట్టిన గండికోట జలాశయం కూడా వస్తుంది. అందుకే బయలుదేరే ముందు వారంలో అందరూ కలిసి చూసుకోవడానికి సొంత మ్యాపు తయారు చేసుకోవడానికి వీలిచ్చే గూగుల్‌వారిదే మై మ్యాప్స్ నాకు బాగా పనికొచ్చింది. ఒక్కో మ్యాప్‌లో పది పొరల (లేయర్ల) దాకా పెట్టుకోవచ్చు కాబట్టి రోజుకొక పొర వేశాను. వదిన భోజనానికి ఆగే చోట్లు చేర్చింది, తమ్ముడు పెట్రోలు బంకులు చేర్చాడు, పెట్టిన పిన్నులన్నీ అందరికీ కనిపించాయి. దీని ఆండ్రాయిడ్ యాప్‌ను 2021లోనే తీసేశారు, ఇప్పుడు బ్రౌజర్‌లో తయారు చేసుకోవాలి. అందులో గీసిన గీత గూగుల్ మ్యాప్స్‌లో కనిపిస్తుంది కానీ, ఆ గీత వెంబడి మలుపు మలుపుకూ అది దారి చెప్పదు. కనుక దీనిని కూర్చుని ప్రణాళిక వేసుకునే బల్లగా చూడాలే తప్ప, కారులో మార్గదర్శిగా చూడకూడదు.

ఇక అడవి. కల్వకుర్తి, డిండి దాటి మన్ననూరు చెక్‌పోస్టు నుంచి నల్లమలలోకి ప్రవేశించాక చాలా దూరం ఫోన్‌లో సిగ్నల్ ఉండదు. చాలామంది సిగ్నల్ లేకపోతే జీపీఎస్ కూడా పనిచేయదని అనుకుంటారు. అది నిజం కాదు. ఫోన్ తన స్థానాన్ని ఉపగ్రహాల నుంచి తెలుసుకుంటుంది, దానికి ఇంటర్నెట్ అక్కరలేదు. ఇంటర్నెట్ కావలసింది మ్యాప్ బొమ్మకు. వటవర్లపల్లి దగ్గర మా రెండో కారులోని ఫోన్‌లో కనిపించిన దృశ్యం ఇదే: నీలం చుక్క ఘాట్ మలుపులకు తగ్గట్టు కచ్చితంగా కదులుతూనే ఉంది, కానీ దాని కింద రోడ్డు లేదు, ఊరు లేదు, ఖాళీ బూడిద రంగు గళ్లు మాత్రమే ఉన్నాయి. ఆ ఒక్క ఫోన్‌లోనే ముందు రాత్రి మ్యాప్ డౌన్‌లోడ్ చేయడం మరిచిపోయాం.

గూగుల్ మ్యాప్స్‌లో ఆ ప్రాంతాన్ని ముందే దించుకుంటే సిగ్నల్ లేకపోయినా కారు దారి చెబుతుంది, అయితే ట్రాఫిక్, ప్రత్యామ్నాయ మార్గాలు ఉండవు. అంతకంటే నమ్మకమైన తోడు కావాలనుకునేవారికి జనమే కలిసి తయారు చేసే ఉచిత మ్యాపు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఆధారంగా నడిచే రెండు యాప్‌లను మనసారా సిఫారసు చేస్తాను. ఆర్గానిక్ మ్యాప్స్ 2021లో వచ్చింది. ఉచితం, ప్రకటనలు లేవు, పాత ఫోన్‌లో కూడా చురుగ్గా కదులుతుంది. మై మ్యాప్స్‌లో తయారైన రూటును కేఎంఎల్ (పిన్నులు, గీతలు దాచే) ఫైలుగా దించుకుని ఇందులో తెరిస్తే పిన్నులు, గీతలు అన్నీ వచ్చేస్తాయి, ఆ పైన ఇంటర్నెట్‌తో పని ఉండదు. ఓఎస్ఎమ్ఆండ్ ఇంకా లోతైనది: దారి గీతను దాచే జీపీఎక్స్ ఫైలు ఇస్తే మనం గీసిన గీత వెంబడే మలుపులు చెబుతూ తీసుకుపోతుంది, తన సొంత తెలివితో వేరే దారి పట్టించదు. నాలుగు కార్లు ఒకే దారిన వెళ్లాలన్న మన అవసరానికి ఇంత సూటిగా సరిపోయే సదుపాయం నేను చూసిన మరో యాప్‌లో లేదు. ఉచిత రూపంలో ఏడు మ్యాపులు దించుకోవచ్చు, రెండు తెలుగు రాష్ట్రాలకు అది చాలు. దీని మెనూలు మాత్రం ఎక్కువ. ప్రతి డ్రైవరుకూ నేర్పించాలనుకోవద్దు. ముందు కారులో పక్క సీటులో కూర్చునే ఒక్కరు ఒక సాయంత్రం కూర్చుని నేర్చుకుంటే సరిపోతుంది.

మ్యాప్‌మైఇండియావారి మ్యాపుల్స్ యాప్‌ను నగరం దాటే వరకు వాడాను. 1995 నుంచి మన దేశపు రోడ్ల మ్యాపులు తయారు చేస్తున్న సంస్థ అది. పెద్ద కూడళ్లు, ఫ్లైఓవర్ల దగ్గర ఏ లేన్‌లోకి వెళ్లాలో బొమ్మ గీసినట్టు చూపిస్తుంది. ఔటర్ రింగ్ రోడ్డు మీద తుక్కుగూడ దగ్గర దిగవలసినవారికి ఇది నిజంగా ఉపయోగం, ఎందుకంటే అక్కడ ఒక కారు దిగడం మరిచిపోతే మళ్లీ కలుసుకోవడానికి చాలా దూరం పోవాలి. స్పీడు బ్రేకర్ల గురించి ముందే హెచ్చరించడం కూడా వెనక సీటులో పెద్దవారున్న కార్లకు మంచిది. దారి చూపే మరో యాప్ వేజ్‌ను 2013లో గూగుల్ కొనుగోలు చేసింది. దాని సమాచారం ఎక్కువగా వాడేవారు పంపేదే కాబట్టి జనం ఎక్కువగా వాడే నగరాల్లో దాని విలువ ఎక్కువ, దోర్నాల అడవిలో తక్కువ. అమెరికాలో ఉన్న మా అక్కవాళ్లు రోడ్‌ట్రిప్పర్స్ అనే ప్రయాణ ప్రణాళిక యాప్‌ను చాలా మెచ్చుకుంటారు, వాళ్ల వైపు ప్రయాణాలకు అది తగినదే. మన రోడ్ల కోసం తయారైనది కాదు.

ఒకరినొకరు చూసుకోవడానికి వేరే యాప్ వెతకనక్కరలేదని నా అభిప్రాయం. వాట్సాప్ గ్రూపులో లైవ్ లొకేషన్ పెడితే 15 నిమిషాలు, గంట, 8 గంటలు అనే మూడు గడువులుంటాయి. పొద్దున బయలుదేరేటప్పుడు అందరూ 8 గంటలు పెట్టి, మధ్యాహ్న భోజనం దగ్గర మళ్లీ పెట్టుకోవడం మేము అలవాటు చేసుకున్నాం. గూగుల్ మ్యాప్స్ లొకేషన్ షేరింగ్‌లో అవతలి ఫోన్‌లో బ్యాటరీ ఎంత ఉందో కూడా కనిపిస్తుంది, ఇది చిన్న విషయంగా అనిపించినా రాత్రిపూట ఎంతో ధైర్యమిస్తుంది. కానీ ఈ రెండూ సిగ్నల్ ఉన్నంతవరకే. అడవిలోకి ప్రవేశించాక మ్యాప్ మీద ఆగిపోయిన బొమ్మను చూసి అవతలివారు కూడా అక్కడే ఆగిపోయారని కంగారు పడకూడదు. అందుకే అడవికి ముందు ఒక చోట, అడవి దాటాక ఒక చోట తప్పక కలుసుకోవాలని ముందే పేర్లతో సహా అనుకోవాలి. మేము మన్ననూరు, దోమలపెంట అనుకున్నాం.

చివరగా, ఏ యాప్‌కూ పూర్తిగా అప్పగించకూడని పనులు రెండున్నాయి. శ్రీశైలం దారిలో మన్ననూరు దగ్గర అటవీ గేటును రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తారు. యాప్ రాత్రి పదింటికి కూడా దారి గీసి చూపవచ్చు. గేటు సమయాలు మనమే కనుక్కుని, ఆ లెక్కన బయలుదేరే వేళ నిర్ణయించుకోవాలి. రెండోది ప్రయాణ సమయం. యాప్ చెప్పే అంచనా ఆగకుండా నడిచే ఒక్క కారుకు. నాలుగు కార్లు, పిల్లలు, పెద్దలు ఉన్న గుంపుకు నేను ప్రతి గంటకూ మరో పావుగంట కలుపుతాను, ఘాట్ రోడ్డుకైతే ఇరవై నిమిషాలు.

రెండు కార్లయితే మజిలీలతో బిగించిన గూగుల్ లింకు, దించుకున్న మ్యాపు, వాట్సాప్ లైవ్ లొకేషన్ చాలు. మూడు దాటితే మై మ్యాప్స్‌లో ప్రణాళిక వేసి, ముందు కారులో ఓఎస్ఎమ్ఆండ్, మిగిలినవాటిలో ఆర్గానిక్ మ్యాప్స్ తోడు పెట్టుకోండి. చివరి కారును దారి బాగా తెలిసినవారికి ఇవ్వండి, కొత్తవారికి వద్దు. బయలుదేరే ముందు రాత్రి అన్ని ఫోన్లూ ఒక మంచం మీద పెట్టుకుని, టోల్ సెట్టింగ్, హైవే సెట్టింగ్, దించుకున్న మ్యాపులు ఒక్కొక్కటిగా సరిచూడండి. మా నాలుగు ఫోన్లకు ఇరవై నిమిషాలు పట్టింది.