స్టోనర్ దారా, రోసీ దారా?

విజయనగరం మూడు లాంతర్ల దగ్గర టీ తాగుతూ మా మేనల్లుడు అడిగాడు: "మావయ్యా, 27 ఏళ్లకే రేసులు మానేయడమేంటి?"

వాడు అడిగింది ఆస్ట్రేలియా బైక్ రేసర్ కేసీ స్టోనర్ గురించి. 2007, 2011లలో మోటోజీపీ, అంటే బైక్ రేసుల్లో అగ్రశ్రేణి ప్రపంచ పోటీ, ఛాంపియన్. 2012లో ఆడపిల్ల పుట్టింది, ఆ మేలోనే ఈ సీజన్‌తో ఆపేస్తానన్నాడు. ఆగస్టులో ఇండియానాపొలిస్‌లో పడి చీలమండ దెబ్బతింది. అయినా అక్టోబరులో సొంతగడ్డ ఫిలిప్ ఐలాండ్‌లో వరుసగా ఆరోసారి గెలిచాడు. చేతకాక మానలేదన్నమాట. ప్రయాణాలు, ప్రెస్‌మీట్లు, రాజకీయాలు విసుగెత్తించాయి. పైగా గంటకు 300 కిలోమీటర్లు దాటిన వేగంలో గట్టిగా బ్రేకు పట్టీ పట్టీ రేసర్ల ముంజేతులు బిగుసుకుపోతాయి. చాలామందికి ఆపరేషన్ తప్పదు.

ఇటలీ రేసర్ వాలెంటినో రోసీ వేరు. 2021లో, 42 ఏళ్లకు రేసులు మానేశాడు. చివరి టైటిల్ 2009లో, చివరి గెలుపు 2017 అస్సెన్‌లో. గెలవకపోయినా బండెక్కితే చాలనుకునే మనిషి. ఆ ప్రేమంటే నాకు గౌరవమే.

కానీ నేను స్టోనర్ వైపే. కాళ్లూ చేతులూ బాగుండగానే పసిపిల్లని ఎత్తుకున్నాడు.

మేనల్లుడు ఒప్పుకోలేదు. "రోసీయే" అంటూ హెల్మెట్ పెట్టుకున్నాడు. పట్టీ బిగించే దాకా నేను కదల్లేదు.