బ్రేక్ ఆయిల్: ఒక పోలో, ఐదేళ్లు, మూడు రకాల సీసాలు

మాది 2020 మోడల్ వోక్స్‌వ్యాగన్ పోలో, 1.0 టీఎస్ఐ పెట్రోల్ ఇంజన్, మాన్యువల్ గేర్లు. వారమంతా హైదరాబాద్ ట్రాఫిక్, ఏడాదికి రెండు మూడుసార్లు రేస్ ట్రాక్. శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ఉన్న మద్రాస్ ట్రాక్‌కి మొదటిసారి వెళ్లింది 2022లో. ఆరో ల్యాప్‌లో స్ట్రెయిట్ చివర బ్రేక్ తొక్కితే కాలు ఉత్తినే దిగిపోయింది. గబగబా ఇంకో రెండుసార్లు కొడితే పట్టింది గానీ, ఈలోపు కారు మట్టిలోకి దిగి నిలబడింది. దేనికీ తగల్లేదు, అదే అదృష్టం.

"ప్యాడ్లు పోయుంటాయి" అన్నారు పక్కనున్నవాళ్లు. కాదు. ప్యాడ్లు వేడెక్కి పట్టు తప్పితే పెడల్ రాయిలా గట్టిగానే ఉంటుంది, కారే ఆగదు. నా పెడల్ దూదిలా మెత్తబడింది. అంటే చక్రం దగ్గర ప్యాడ్లను డిస్కుకి నొక్కే కాలిపర్‌లో ఆయిల్ మరిగింది. ద్రవం నొక్కితే నొక్కుకుపోదు కాబట్టే బ్రేకు పనిచేస్తుంది, ఆవిరైతే నొక్కుకుపోతుంది. కాసేపు చల్లారితే పెడల్ మళ్లీ మామూలుగా అనిపిస్తుంది, అక్కడే మోసపోతాం. తప్పు నాదే: కొన్నప్పటి ఆయిల్, రెండేళ్లు దాటినా ముట్టుకోలేదు.

షెడ్డులో అందరం ఆయిల్ అనే అంటాం గానీ అది నూనె కాదు, గ్లైకాల్ జాతి ద్రవం. గాలిలోని తేమను పీల్చుకుంటూ ఉంటుంది. డాట్ 4 (బ్రేక్ ఆయిల్‌లో ఒక గ్రేడు) కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. అదే 3.7 శాతం నీళ్లు కలిశాక ఆ హద్దు 155కి పడిపోతుంది. సీసా మీద పెద్దక్షరాల్లో వేసేది మొదటి అంకె, మన కారులో ఏడాది రెండేళ్లు తిరిగేది రెండో అంకె. నేనిప్పుడు కొనేటప్పుడు రెండోదే చూస్తా.

ఆ దెబ్బకి మోటుల్ ఆర్‌బీఎఫ్ 600 అనే రేసింగ్ బ్రేక్ ఆయిల్ పోయించా. కొత్తగా 312 డిగ్రీలు, నీళ్లు కలిశాక కూడా 200 పైనే. రెండేళ్లలో ఐదు ట్రాక్ డేలు చేశా, పెడల్ ఒక్కసారి కూడా దిగలేదు. మధ్యాహ్నం ఎండలో పదేసి ల్యాపులు వరసగా తిప్పినా ముందు ప్యాడ్లు వాసన కొట్టాయే తప్ప పెడల్ మారలేదు. ట్రాక్‌కి దీన్ని నిస్సంకోచంగా చెప్తా. రోడ్డు మీద మాత్రం తేడా సున్నా. "మార్చాక పెడల్ షార్ప్ అయింది బ్రో" అని మురిసిపోయేవాళ్లకి ఒక మాట: అది లైన్లో గాలి పోయినందువల్ల. మామూలు డాట్ 4తో శుభ్రంగా బ్లీడింగ్ (పాత ఆయిల్‌తో పాటు గాలి బయటికి తీయడం) చేయించినా అంతే షార్ప్ అవుతుంది. పైగా ధర నాలుగైదు రెట్లు, ఏడాదికోసారి మార్చాలి. ట్రాక్‌కి పోనివాళ్లకి దండగ.

క్యాస్ట్రాల్ ఎస్ఆర్ఎఫ్ అనే ఇంకో రేసింగ్ ఆయిల్ నీళ్లు కలిశాక కూడా 270 దాకా ఆగుతుందంటారు. నా డ్రైవింగ్‌కి అంత అక్కర్లేదు, దాని ధరకి ఇంకో ట్రాక్ డే వస్తుంది.

గత ఏడాది ట్రాక్ తగ్గాక లో విస్కాసిటీ డాట్ 4కి వచ్చేశా. వోక్స్‌వ్యాగన్ 501 14 స్పెక్ అని సీసా మీద ఉంటే చాలు. పలచగా ఉంటుంది కాబట్టి, చక్రాలు బిగుసుకోకుండా, కారు జారకుండా చూసే ఏబీఎస్, ఈఎస్‌పీ వాల్వుల్లో త్వరగా కదులుతుంది. ఆ పలచదనాన్ని కొలిచేది మైనస్ 40 డిగ్రీల దగ్గర, మనకు అంత చలి లంబసింగిలో కూడా లేదనుకోండి. పెద్ద నంబరు కదా అని డాట్ 5 మాత్రం కొనకండి. అది సిలికాన్, డాట్ 4తో కలవదు, ఏబీఎస్ కార్లకు పనికిరాదు. 5.1 వేరు, అది గ్లైకాలే.

ఇక మార్చడం. ఒక గ్యారేజీలో బ్రేక్ ఆయిల్ మార్చామని బిల్లు వేశారు. ఇంటికొచ్చి వెనక చక్రం దగ్గర ఆయిల్ వదిలే నిపుల్ విప్పితే ట్యూబులోకి వచ్చింది డికాక్షన్. బానెట్ కింద ఆయిల్ డబ్బా, అంటే రిజర్వాయర్‌లో ఉన్నది సిరంజితో లాగి కొత్తది నింపి పంపారన్నమాట. అప్పట్నుంచి నేనే చేస్తున్నా. నిపుల్‌కి రింగు పానా, దాని మీద పారదర్శకంగా ఉండే సన్న ట్యూబు, రెండో కొస సీసాలో ఆయిల్‌లో మునిగి ఉండాలి. లోపల మా తమ్ముడు కూర్చుంటాడు. "తొక్కు... పట్టుకో..." నేను నిపుల్ పావు తిప్పు వదులుతా, నల్లటి ఆయిల్ బుడగలతో జర్రున వస్తుంది, బిగిస్తా, "ఇప్పుడొదులు". నేను బిగించకముందే వాడు కాలు తీశాడా, గాలి లోపలికి. ఒకసారి ఫోన్ చూసుకుంటూ తీశాడు, ఆ చక్రం మళ్లీ మొదట్నుంచి. ట్యూబులో లేత తేనె రంగు వచ్చేదాకా ఇదే పని. మధ్యలో రిజర్వాయర్ ఖాళీ కాకుండా చూసుకోవాలి. చాలా మాన్యువల్ కార్లలో క్లచ్ కూడా అదే రిజర్వాయర్ నుంచి తాగుతుంది, దాని నిపుల్ చాలామంది మర్చిపోతారు. అన్నీ కలిపి నాకు దాదాపు లీటరు పడుతుంది. రిజర్వాయర్‌కి దూరపు చక్రంతో మొదలుపెట్టడం పాత లెక్క, కొన్ని కార్లకు వరస వేరు, కారు మాన్యువల్ పుస్తకం చూసి చేయండి. పెయింటు మీద చుక్క పడితే తుడవకండి, వెంటనే నీళ్లు గుమ్మరించండి. నా కుడి ఫెండర్ మీద కందిగింజంత మచ్చ దాని జ్ఞాపకమే.

నీటి శాతం చూపించే పెన్ను టెస్టరొకటి కొన్నా, దండగ. అది చూసేది రిజర్వాయర్‌లోని ఆయిల్‌ని, మరిగేది కాలిపర్‌లోది.

మొన్న సంక్రాంతికి కాకినాడ వెళ్తే బాబాయి కారు బానెట్ ఎత్తా. ఆరేళ్లుగా అదే ఆయిల్, సముద్రపు గాలి, పైగా నెలకోసారి మారేడుమిల్లి ఘాట్ దిగుతాడు. "బ్రేకులు పడుతున్నాయిగా, ఇంకేంట్రా?" అన్నాడు. నా డిక్కీలో సగం మిగిలిన సీసా చూసి, అయితే అదే పోసెయ్ అన్నాడు. మూత తీసి నాలుగు నెలలైన సీసా బాబాయ్, అది కూడా నీళ్లు తాగే ఉంటుంది అని చెప్పి, కొత్తవి రెండు తెప్పించి పండగ మర్నాడు పెరట్లో మార్చాం. పెడల్ తొక్కే డ్యూటీ పిన్నిది. మా తమ్ముడికన్నా చాలా నయం, చెప్పేదాకా కాలు తీయలేదు. రిజర్వాయర్ మూత మీద ప్లాస్టర్ ముక్క అంటించి తేదీ రాసొచ్చా.